ఊపిరిని ఆపకండి, భయాన్ని ఆపండి

పరీక్షలు ముగిసి వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, మా వైద్యశాలకు వచ్చే తల్లిదండ్రులలో నలుగురైదుగురైనా ఒకే ప్రశ్న అడుగుతారు. "మా వాడికి పిరికితనం పోవాలండీ, కరాటేలో చేర్పించమంటారా? కర్రసాము నేర్పించమంటారా?" అని. ఆడపిల్లల తల్లులు ఈ మధ్య మరింతగా అడుగుతున్నారు. అడగవలసిన మాటే. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ పాఠశాలలలోనే బాలికలకు ఆత్మరక్షణ విద్య నేర్పుతున్న రోజులివి. 2022లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడలలో కలరిపయట్టు, గట్కా వంటి దేశీయ విద్యలకు కూడా చోటు దక్కింది. సాముగరిడీ విద్యలకు మళ్లీ గౌరవం రావడం నాకెంతో సంతోషం. "తప్పక చేర్పించండి" అనే చెబుతాను.

అయితే ఆ విద్యతోపాటు పిల్లల చెవిన పడుతున్న ఒక మాట మాత్రం నాకు కలవరం కలిగిస్తున్నది. "భయం వేసిందా? ఊపిరి బిగబట్టు, ధైర్యం అదే వస్తుంది" అన్నదే ఆ మాట. నేర్పేవారిలో కొందరు చెబుతున్నారు, ఇంట్లో పెద్దలూ చెబుతున్నారు. ఈ మాట శాస్త్రానికి విరుద్ధం, శరీరానికి హానికరం అన్నది నా నిశ్చితాభిప్రాయం. అది ఎందుకో పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక బాలుని కథ

కొంతకాలం క్రితం 12 ఏళ్ల పిల్లవాడిని తల్లిదండ్రులు నా వద్దకు తీసుకొచ్చారు. కరాటేలో చేరి ఏడాదయింది. బెల్టు పరీక్ష జరిగే రోజు తెల్లవారుజాము నుంచి నాలుగుసార్లు విరేచనాలయ్యాయి. ఏమీ తినకుండానే వెళ్లాడు. గుర్రపు స్వారీ భంగిమలో మోకాళ్లు వంచి, పిడికిళ్లు బిగించి నిలబడాలి. కాళ్లు వణుకుతున్నాయి. అంతకుముందు విన్న మాట గుర్తుకు తెచ్చుకొని ఊపిరి గట్టిగా బిగబట్టాడు. కొద్దిసేపటికే కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాడు. తోటి పిల్లలు కొందరు నవ్వారు.

శ్రమలో స్పృహ తప్పిన పిల్లలను ముందు గుండె నిపుణునికి చూపించాలి. నేనూ అదే చేయించాను. గుండెలో ఏ దోషమూ లేదని తేలిన తరువాతే నా చికిత్స మొదలుపెట్టాను. తల్లి కషాయం అడిగింది. తండ్రి "వీడికిక కరాటే మాన్పిస్తాను" అన్నాడు. వారిద్దరూ మందుల కోసం బయటకు వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు నన్ను మెల్లగా అడిగాడు. "తాతగారూ, ఊపిరి బిగబడితే భయం పోతుందన్నారు. నేను బిగబట్టాను, పోలేదు. అంటే నేను నిజంగానే పిరికివాడినా?"

వైద్యునిగా నేను విన్న ప్రశ్నలలో ఇంతగా మనసును పట్టి కుదిపినవి తక్కువ. తప్పు ఉపాయం చేతికిచ్చి, అది పనిచేయకపోతే ఆ నేరం పిల్లవాడి మీద మోపుతున్నాం. వాడి శరీరానికి కలిగిన హాని నాలుగు రోజులలో తగ్గుతుంది. "నేను పిరికివాడిని" అన్న ముద్ర మాత్రం నలభై ఏళ్లయినా చెరగదు.

చరకుడు గీసిన గీత

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం వేగాల గురించినది. మా గురువుగారు దానిని మా చేత ముందుగా కంఠస్థం చేయించిన అధ్యాయాలలో చేర్చారు. శరీరానికి సహజంగా పుట్టే 13 వేగాలను ఆపరాదని అందులో ఉంది. మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలైనవి ఆ జాబితాలోవి. వాటిలో శ్రమనిశ్వాసం కూడా ఒకటి. అంటే పని వల్ల, వ్యాయామం వల్ల వచ్చే ఆయాసపు ఊపిరి. దానిని బలవంతంగా ఆపితే గుల్మం, హృద్రోగం, సమ్మోహం కలుగుతాయని చరకుడు చెప్పాడు. సమ్మోహమంటే తెలివి తప్పడం. ఆ పిల్లవాడికి జరిగింది సరిగ్గా ఇదే కదా!

అదే అధ్యాయంలో మరికొన్ని శ్లోకాలు దాటగానే ఆపవలసిన వేగాల జాబితా వస్తుంది. అవి మనసుకు సంబంధించినవి. లోభం, శోకం, భయం, క్రోధం వంటివి. గమనించండి, ఊపిరి ఆపరాని జాబితాలో ఉంది, భయం ఆపవలసిన జాబితాలో ఉంది. మనం ఈ రెండింటినీ తారుమారు చేశాం. భయాన్ని వదిలిపెట్టి ఊపిరిని పట్టుకుంటున్నాం.

భయాన్ని ఆపడమంటే అది పుట్టకుండా చేయడం కాదని మా గురువుగారు వివరించేవారు. ఆకలి పుట్టినట్టే భయమూ పుడుతుంది. అది శరీరానికి కాపలాదారు. పాము కనబడితే వెనక్కు గెంతేది దాని పుణ్యమే. చరకుడు ఆపమన్నది భయపు వేగాన్ని. ఆ వేగం మన నోటిని, చేతిని, కాలిని తన ఇష్టం వచ్చినట్టు నడపకుండా చూసుకోవాలి. ఎదుటివాడు చేయి ఎత్తినప్పుడు గుండె దడదడ కొట్టుకోవడం పిరికితనం కాదు. ఆ దడలోనే కన్ను తెరిచి చూడగలగడం, అడుగు సరిగా వేయగలగడం ధైర్యం.

భయం, వాయువు, కడుపు

భయానికి వాయువు పెరుగుతుంది. పెరిగిన వాయువు మళ్లీ భయాన్ని కలిగిస్తుంది. ఈ చక్రం మన ప్రాచీనులకు బాగా తెలుసు. అతిసారాన్ని ఆరు విధాలుగా విభజించిన చరకుడు వాటిలో ఒకదానికి భయజమనే పేరు పెట్టాడు. పరీక్ష రోజున పిల్లలు పదేపదే మరుగుదొడ్డికి పరుగెత్తడం చూసి "నాటకాలు" అని గద్దించే తండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. అది నాటకం కాదు, వ్యాధి.

ఆ వ్యాధికి చెప్పిన చికిత్స ఇంకా విశేషమైనది. వాతహరమైన ఉపచారంతోపాటు హర్షణం, ఆశ్వాసనం చేయమన్నారు. హర్షణమంటే సంతోషపెట్టడం. ఆశ్వాసనమంటే ఊరడించడం. ఈ ఆశ్వాసనమనే మాటలో ఉన్నది 'శ్వస్' అనే ధాతువే. మన విశ్వాసంలో ఉన్నదీ అదే. భయపడినవాడికి ఊపిరి సరిగా ఆడేలా చేయడమే ఊరడించడమని భాషే చెబుతున్నది. మన తెలుగులోనూ చూడండి. గండం గడిచాక మన నోట వచ్చే మాట "హమ్మయ్య!" అన్నది. అది సగం మాట, సగం దీర్ఘమైన నిశ్వాసం. ఎవరూ నేర్పకుండానే శరీరం తన భయాన్ని బయటకు వదిలే తీరు అది.

పతంజలి కూడా యోగసూత్రాలలో మనసు చెదిరినప్పుడు వెంట వచ్చే లక్షణాలను చెబుతూ దుఃఖం, నిరాశ, అవయవాల వణుకు, ఊపిరి అదుపు తప్పడం అని లెక్కించాడు. కొద్ది సూత్రాల తరువాత మనసు తేరుకొనే ఉపాయాలు చెబుతూ శ్వాసకు సంబంధించిన ఉపాయంలో మొదట చెప్పినది ప్రచ్ఛర్దనం, అంటే ఊపిరిని బయటకు వదలడం. పట్టి ఉంచడం దాని తరువాతి మాట. ఈ క్రమాన్ని మనం మరచిపోయాం.

నేను చేసిన పొరపాటు

ఇతరుల తప్పులు ఎత్తి చూపేముందు నాది ఒప్పుకోవాలి. వైద్యవృత్తిలోకి వచ్చిన తొలిరోజులలో ఒక యువతి గుండెదడతో నా వద్దకు వచ్చింది. కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతున్నది. తరగతి గదిలో అడుగుపెడితే చాలు, చెమటలు పట్టి గొంతు ఎండిపోయేది. నా ఎదుట కూర్చున్నప్పుడే ఆ దడ మొదలైంది. అందరిలాగే నేనూ "గట్టిగా, లోతుగా ఊపిరి పీల్చుకో అమ్మా" అన్నాను. ఆమె పది పన్నెండుసార్లు వేగంగా, గట్టిగా పీల్చింది. అంతలో పెదవుల చుట్టూ తిమ్మిరి ఎక్కింది, వేళ్లు కొంకర్లు పోయాయి. "నేను చనిపోతున్నాను" అని ఏడవసాగింది. ఆమె కంటే నేనే ఎక్కువ భయపడ్డాను. గదిలో ఉన్న మా గురువుగారు వచ్చి ఆమె పక్కన కూర్చొని, "పీల్చవద్దు తల్లీ, వదులు. వేడి పాలను ఊదినట్టు మెల్లగా వదులు" అన్నారు. ఐదారు నిమిషాలలో ఆమె తేరుకున్నది.

దానికి కారణం నేటి వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. భయంలో ఊపిరి ఇప్పటికే వేగంగా, ఛాతీ పైభాగంలోనే ఆడుతూ ఉంటుంది. దాని మీద మరింత గట్టిగా పీలిస్తే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఉండవలసినదాని కంటే తగ్గిపోతుంది. దానితో మెదడుకు రక్తం తెచ్చే నాళాలు ముడుచుకుంటాయి. తల తిరగడం, తిమ్మిర్లు, ఛాతీ బిగుతు వస్తాయి. ఈ లక్షణాలను చూసి మనిషి మరింత భయపడతాడు. ఊపిరి బిగబట్టి కండరాలు బిగిస్తే మరో రకమైన హాని. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగి రావలసిన రక్తం తగ్గుతుంది, రక్తపోటు ఎగుడుదిగుడవుతుంది. మన పిల్లవాడికి విరేచనాలతో నీరు తగ్గింది, కడుపు ఖాళీగా ఉంది, పైగా ఊపిరి బిగించాడు. పడిపోక ఏమవుతాడు?

దీనికి భిన్నంగా, ఊపిరి వదులుతున్నప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది, పీలుస్తున్నప్పుడు కొంత పెరుగుతుంది. మెదడు నుంచి గుండెకు, ఉదరానికి వెళ్లే వేగస్ నాడి చేసే పని ఇది. కాబట్టి రేచకాన్ని పొడిగిస్తే గుండె నెమ్మదిస్తుంది. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోజుకు 5 నిమిషాల చొప్పున 28 రోజులపాటు వివిధ అభ్యాసాలు చేయించి చూశారు. దీర్ఘమైన నిశ్వాసానికి ప్రాధాన్యమిచ్చిన అభ్యాసం చేసినవారికి, ఊరికే శ్వాసను గమనిస్తూ ధ్యానం చేసినవారి కంటే మనసు ఎక్కువ తేలికపడినట్టు ప్రకటించారు. మన పెద్దలు పాలు ఊదమని చెప్పినదానికే వారు కొలతలు కట్టారు.

యుద్ధవిద్యలు నిజంగా ఏం చెబుతున్నాయి?

"ఊపిరి బిగబట్టడం ఆ విద్యల సంప్రదాయమే కదా" అని కొందరు వాదిస్తారు. ఈ వాదం నిలవదు. కరాటేకు పుట్టినిల్లు జపానుకు చెందిన ఒకినావా ద్వీపం. అక్కడి గోజు-ర్యూ శాఖను స్థాపించిన మియాగి చోజున్ (1888-1953) సాంచిన్ అనే అభ్యాసాన్ని తన శాఖకు మూలంగా నిలిపాడు. శరీరమంతా బిగించి చేసే కఠినమైన అభ్యాసమది. అందులోనూ ఊపిరి చప్పుడయ్యేలా బయటకు నడుస్తూనే ఉంటుంది. దానికి జోడుగా ఆయనే తెన్షో అనే మృదువైన అభ్యాసాన్ని కూర్చాడు. ఆ శాఖ పేరులో 'గో' అంటే కఠినం, 'జు' అంటే మృదువు. కఠినాన్ని మాత్రమే పట్టుకొని మృదువును వదిలేస్తే అది సగం విద్య.

కరాటేలో దెబ్బ వేసేటప్పుడు పెట్టే కేకను కియాయ్ అంటారు. అది నిశ్వాసమే. మన శాస్త్రంలో ఉదానవాయువు స్థానం ఉరస్సు. మాట, ప్రయత్నం, ఉత్సాహం, బలం దాని పనులు. దెబ్బ, కేక, ఊపిరి మూడూ ఒక్కసారిగా వెలువడడంలో ఉదానం పనితీరు కనబడుతుంది. మన పల్లెలలో బరువులెత్తే హమాలీలు, పడవ లాగేవారు "ఐలెస్సా" అంటూ పాట కట్టింది ఇందుకే. పాడేవాడు ఊపిరి బిగబట్టలేడు.

కేరళలో కలరి సంప్రదాయాన్ని చూడండి. 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు గల పల్లపు నేలలో అభ్యాసం జరగడం అక్కడి పాత పద్ధతి. గురుక్కళ్ నోటితో వరుసగా ఆజ్ఞలు పలుకుతూ ఉంటే, ఆ లయకు శిష్యుడి అడుగు, చూపు, ఊపిరి కుదురుకుంటాయి. ఆయుధం చేతికి రావడానికి ముందు ఎంతో కాలం శరీరాభ్యాసమే. వర్షాకాలంలో తైలమర్దనం ఆ విద్యలో భాగం. వాతాన్ని శమింపజేయకుండా వీరుని తయారు చేయలేమని వారికి తెలుసు.

మా గురుకులం ఉన్న ఊరిలో అప్పట్లో ఒక తాలింఖానా ఉండేది. బెణుకులకు, దెబ్బలకు తైలం కోసం ఆ ఉస్తాదు మా గురువుగారి వద్దకు వస్తుండేవాడు. శిష్యులు దండీలు, బస్కీలు తీస్తుంటే ఆయన లెక్క చూసేవాడు కాదు, వారి నోళ్లు చూసేవాడు. నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టిన శిష్యుడిని "నీకివ్వాళ్టికి చాలు" అని పక్కన కూర్చోబెట్టేవాడు. ఆ సంగతి నేను వింతగా చెబితే మా గురువుగారు సుశ్రుత సంహిత తెరిచి చూపించారు. వ్యాయామం చేసేవాని హృదయంలోని వాయువు నోటికి చేరడమే బలార్ధ లక్షణమని అందులో ఉంది. అంటే తన బలంలో సగం వాడినట్టు గుర్తు. అక్కడ ఆగాలి. పుస్తకం ముట్టని ఉస్తాదు, గోదా ముట్టని గురువుగారు ఒకే మాట చెప్పారు. వాగ్భటుడు కూడా బలవంతులు సైతం సగం శక్తితోనే వ్యాయామం చేయాలన్నాడు. మితిమీరినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహంలా నశిస్తాడని హెచ్చరించాడు.

ఇక కోడి రామ్మూర్తి నాయుడుగారి మాట. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బలంతో తెంచి, ఏనుగును ఛాతీ మీద నిలుపుకున్న మహాబలుడు ఆయన. "ఆయన ఊపిరి బంధించలేదా?" అని అడుగుతారు. బంధించారు. అది చిన్ననాటి నుంచి సాగిన కఠోర సాధన, నియమబద్ధమైన జీవితం తరువాత వచ్చిన సిద్ధి. భయం పోగొట్టుకోవడానికి ఆయన గొలుసు తెంచలేదు. భయం అదుపులోకి వచ్చిన తరువాత తెంచారు. కుంభకం శిఖరం, రేచకం తొలిమెట్టు. పిల్లవాడిని శిఖరం మీద నిలబెట్టి నడక నేర్పుతామా? ప్రాణాయామాన్ని సింహాన్నీ ఏనుగునూ మచ్చిక చేసినట్టు మెల్లమెల్లగా వశం చేసుకోవాలని, లేకుంటే అది సాధకునికే చేటు తెస్తుందని హఠయోగప్రదీపిక కూడా చెప్పింది.

ఇంట్లో చేయదగిన అభ్యాసం

పిల్లలూ పెద్దలూ కలిసి చేయదగిన పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఉదయం ఖాళీ కడుపుతో గాని, భోజనమైన మూడు గంటల తరువాత గాని చేయాలి.

1. చాప మీద గాని, కుర్చీలో గాని వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవాలి. భుజాలు, దవడ వదులుగా ఉంచాలి. ఒక చేతిని బొడ్డుపై ఆనించాలి.

2. మొదట ఉన్న ఊపిరిని మెల్లగా వదలాలి. ఆరంభం ఎప్పుడూ వదలడంతోనే.

3. ముక్కుతో 4 అంకెలు లెక్కించేంతసేపు చప్పుడు లేకుండా పీల్చాలి. బొడ్డుపై చేయి పైకి లేవాలి గాని భుజాలు లేవరాదు.

4. ఆపకుండా, ముక్కుతోనే 6 అంకెలు లెక్కించేంతసేపు వదలాలి. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి 6 శ్వాసలవుతాయి. చిన్నపిల్లలకు ఇది కష్టం. వారికి 3 అంకెలు పీల్చడం, 4 లేక 5 అంకెలు వదలడం చాలు.

5. మొదటి వారం 3 నిమిషాలు, తరువాత 5 నిమిషాలు. అంతకు మించి ఆత్రపడవద్దు. తల తిరిగితే వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీయాలి.

లెక్కలు విసుగనిపించే పిల్లలకు భ్రామరి చక్కటి ఉపాయం. పెదవులు మూసి తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదలమనండి. ఎవరి ఝుంకారం మెత్తగా, సమంగా వస్తుందో చూడమంటే ఆడుతూ పాడుతూ చేస్తారు. ఎవరు ఎక్కువసేపు చేస్తారన్న పోటీ మాత్రం పెట్టకండి.

15 రోజులు ఇలా కూర్చొని చేసిన తరువాతే దీనిని కదలికకు జోడించాలి. కర్ర తిప్పినా, పిడికిలి విసిరినా, దెబ్బతోపాటు ఊపిరి బయటకు. అడుగు వెనక్కు తీసుకొనేటప్పుడు ఊపిరి లోపలికి. రెండు ఆవృత్తుల మధ్య విశ్రాంతిలో మూడు దీర్ఘ రేచకాలు. నోరు తెరుచుకుంటే ఆ రోజుకు చాలు.

భయం ముంచుకొచ్చిన క్షణంలో చేయవలసినది ఇంకా తేలిక. పోటీకి పేరు పిలిచినప్పుడు గాని, పరీక్ష గది తలుపు దగ్గర గాని అరికాళ్లు నేలకు ఆనుతున్నాయో లేదో గమనించాలి. పెదవులు సన్నగా చేసి వేడి పాలు ఊదినట్టు వదలాలి. తరువాత లోపలికి వచ్చే ఊపిరి దానంతటదే వస్తుంది, దానిని లాగనక్కరలేదు. ఇలా మూడుసార్లు. భయం పూర్తిగా పోదు. పోవలసిన అవసరమూ లేదు. చేయి మన మాట వింటే చాలు.

జాగ్రత్తలు

రక్తపోటు, గుండెజబ్బు, కంటిలో ఒత్తిడి, గిలక, మూర్ఛవ్యాధి ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బంధించే కుంభకం గాని, వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతి గాని సొంతంగా చేయరాదు. ఉబ్బసం ఉన్న పిల్లలు పైన చెప్పిన మృదువైన అభ్యాసం చేయవచ్చు గాని, వైద్యులిచ్చిన మందులు మానరాదు. వేసవిలో బావులలో, ఈతకొలనులలో పిల్లలు గబగబా ఊపిరి పీల్చి నీటి అడుగున ఎవరెంతసేపు ఉంటారో పందేలు వేసుకుంటారు. నీటిలోనే స్పృహ తప్పి ప్రాణం పోయే ప్రమాదమున్న ఆట అది. ఖచ్చితంగా మాన్పించండి.

పెద్దవారికి ఛాతీనొప్పి, ఎడమచేతికి లాగడం, చెమటలు వస్తే భయమేనని ఊదుతూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలలో భయం వారాల తరబడి నిద్రను, తిండిని, బడిని చెడగొడుతుంటే మానసిక వైద్యుని సలహా తీసుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినా ఉచితంగా సలహా దొరుకుతుంది.

వాత ప్రకృతి గల, తొందరగా బెదిరే పిల్లలకు వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వులనూనెతో ఒంటికి మర్దన చేసి స్నానం చేయించండి. రాత్రి పడుకొనే ముందు అరికాళ్లకు రెండు చుక్కల నూనె రాయండి. పోటీ రోజున ఖాళీ కడుపుతో పంపకండి. పలుచని జావ గాని, నెయ్యి వేసిన మెత్తని అన్నం గాని రెండు గంటల ముందు పెట్టండి. విరేచనాలైతే మొదట తగ్గిన నీటిని పూరించే ఓఆర్ఎస్ ద్రావణం ఇవ్వండి. కాఫీ, టీలు గుండెదడను పెంచుతాయి. ధైర్యానికని అంగడిలో దొరికే చూర్ణాలను, లేహ్యాలను వైద్యుని సలహా లేకుండా పిల్లలకు వాడవద్దు.

తల్లిదండ్రులకు, గురువులకు మనవి

అసలు చికిత్స హర్షణం, ఆశ్వాసనం అని ముందే చెప్పాను. ఆ రెండూ అంగడిలో దొరకవు. భయపడిన పిల్లవాడి పక్కన కూర్చున్న పెద్దవారి ఊపిరి నిదానంగా ఉంటే, కొద్దిసేపటికి వాడి ఊపిరీ నిదానిస్తుంది. పసిబిడ్డను భుజాన వేసుకున్న ప్రతి తల్లికీ ఇది అనుభవమే. "మగపిల్లాడివి, భయమేమిటిరా" అని గద్దించే తండ్రి ఊపిరి ఆ క్షణంలో ఎలా ఉంటుందో ఆయనే గమనించుకోవాలి. శిక్షణ ఇచ్చే మాస్టార్లకు నా మనవి ఒక్కటే. మొదటి నెలలో దెబ్బ కంటే ముందు రేచకం నేర్పండి. భయపడిన శిష్యుడిని నలుగురిలో నవ్వులపాలు చేయకండి. మీ విద్య పట్ల మాకు గౌరవం ఉన్నది కనుకనే ఈ మాట చెబుతున్నాను.

ఆ పిల్లవాడికి నేను ఇచ్చిన సమాధానం ఇది. "నాయనా, నీవు పిరికివాడివి కావు. పిరికివాడైతే కడుపు అంతగా కదిలిన రోజున ఇంట్లో పడుకొనేవాడు. నీవు వెళ్లి నిలబడ్డావు. నీకు చెప్పిన ఉపాయమే తప్పు." వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపుకోబోతే వద్దన్నాను. కన్నీరు కూడా ఆపరాని వేగాలలో ఒకటేనని చెప్పాను. తండ్రి మనసు మార్చుకొని కరాటే మాన్పించలేదు. మూడు నెలలు ఇంట్లో తల్లితో కలిసి తుమ్మెద ఝుంకారం చేశాడు. తరువాతి బెల్టు పరీక్ష రోజు ఉదయం కూడా కడుపు కదిలిందట, అయితే ఒక్కసారే. చేతులు వణికాయట. "కానీ తాతగారూ, నేను ఊదుతూనే ఉన్నాను" అన్నాడు. ఉత్తీర్ణుడయ్యాడా అని నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. మా ఇద్దరికీ ఆ సంగతి అంత ముఖ్యమనిపించలేదు.